ఆండాళమ్మ గారి వంటింటి నేల

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు రేణిగుంట స్టేషను నుంచి సున్నం బండి వచ్చి రాఘవాచారి గారి ఇంటి ముందు ఆగింది. బండివాడు ఎద్దులను విప్పి, గడ్డి వేసి, తను బీడీ ముట్టించాడు. తిరుపతిలో అప్పట్లో ఇలాంటి బండ్లు ప్రతి వీధిలోనూ కనిపించేవి. నలభైల నడుమ సంగతి ఇది. యుద్ధం ఇంకా ముగియలేదు. సిమెంటు కావాలంటే పర్మిట్ ఉండాలి, పర్మిట్ కావాలంటే తెలిసినవాళ్ళు ఉండాలి. అందుకని ఇల్లు బాగుచేయించుకునే వాళ్ళు చాలామంది సున్నంతోనే సరిపెట్టుకునేవాళ్ళు.

ఆ సున్నంతో నేలలు వేయించడం నా పని. ఇంజనీరింగు చదువుకున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పాత పద్ధతులు అడుగుతారు. సున్నం ఎంత, ఇటుకపొడి ఎంత అని రాసుకుని వెళ్తారు. అవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేల కొట్టే ఆడవాళ్ళ ముఠాను నడిపిన మరియమ్మ గురించి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. రేణిగుంట అవతల ఆమెను సమాధి చేసిన రోజు అక్కడికి చాలామంది వచ్చారు. ఆమె కొట్టిన నేలల మీద కాపురం చేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు. నేను రాయడానికి కారణం అది. చదివి ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి.

కనబడని పొర

ఇల్లు బాగుచేయించే మనిషి గోడకు ఏ రంగు వేయాలో ఇంటిల్లిపాదితో చర్చిస్తాడు. తలుపు చెక్క కోసం ఊళ్ళు తిరుగుతాడు. నేల దగ్గరికి వచ్చేసరికి పైన ఏ రాయి పరచాలని మాత్రమే అడుగుతాడు. ఆ రాయి కింద ఏముంటుందని అడిగినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. రాయి తనంతట తాను నిలబడదు. కింద ఉన్న అడుగుపొర గట్టిగా ఉంటే నిలబడుతుంది, లేకపోతే ఊగుతుంది.

మా రోజుల్లో అడుగుపొర మూడు రకాలుగా వేసేవాళ్ళు. ఇసుక పోసి బండలు పరిచేయడం ఒకటి. ఇది చవక, త్వరగా అవుతుంది. ఎలుకలకు కూడా చాలా అనుకూలం. రెండోది, దొరికిన కాస్త సిమెంటును పలచగా పూసి దాని మీద బండలు వేయడం. చూడటానికి బాగుంటుంది, కింది మట్టి కుంగిన రోజున పెంకులా పగులుతుంది. మూడోది సున్నపు జల్లి. బాగా కాలిన ఇటుకను చిన్న ముక్కలు చేసి, ఒక పూటంతా నీళ్ళలో నానబెట్టి, గానుగలో నూరిన సున్నంతో కలిపి, నాలుగు వేళ్ళ మందం పరిచి, చేతి చెక్కలతో కొట్టాలి. ఇటుక ముక్కలు నానకపోతే సున్నంలోని నీళ్ళు అవే తాగేస్తాయి, అప్పుడు సున్నం ఎండి పొడి అవుతుంది. అడుగుకు రాతి సున్నం వాడాలి. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే గుల్ల సున్నం తెల్లగా, మెత్తగా ఉంటుంది, అది పై పూతకు మంచిది. తెల్లగా ఉంది కదా అని దాన్ని అడుగున వేయించినవాళ్ళను కూడా చూశాను.

ఇక కొట్టడం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చేతి చెక్కతో ఒకే తాళంలో కొడుతూ వెనక్కి జరుగుతారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లుతూ మళ్ళీ మొదటికి వస్తారు. చెక్క ఎగిరి చేతికి తగిలేదాకా, చల్లిన నీళ్ళు ఇంకకుండా పైనే నిలిచేదాకా ఆపకూడదు. పచ్చిగా ఉన్నప్పుడు ఆపి, పొర బిగిశాక మళ్ళీ వచ్చి కొడితే, అప్పటిదాకా కుదిరిన పట్టు లోపల విడిపోతుంది. పైకి ఏమీ తెలియదు.

ఒక పై అధికారి

సొంతంగా పనులు పట్టుకోకముందు నేను కొన్నాళ్ళు సర్కారు కొలువులో ఓవర్సీరుగా ఉన్నాను. ఆ కొలువులో నా పై అధికారి చెడ్డవాడు కాడు. బాగా చదువుకున్నవాడు, ఇంగ్లీషు నవలలు నాకు అరువిచ్చేవాడు. యుద్ధం సామాను దాచడానికి ఒక గోదాము నేల వేస్తున్నప్పుడు, కొట్టుడు సగంలో ఆపించి పైన సిమెంటు నీళ్ళు పూయించమన్నాడు.

“లోపల డొల్ల ఉంటుంది సార్,” అన్నాను.

“లోపల ఎవడు చూస్తాడప్పా? వచ్చే సోమవారం దొర వచ్చి పైన చూస్తాడు,” అన్నాడు.

దొర వచ్చి పైన చూసి మెచ్చుకున్నాడు. వానాకాలం పోయేలోగా మూటల కింద నేల దిగబడింది. నా అధికారికి ఏమీ కాలేదు, వేరే ఊరికి మారాడు. నేను రాజీనామా ఇచ్చాను. చాలామంది తొందరపడ్డావన్నారు. పడలేదు. దొరలు వచ్చిపోయే సోమవారాల కోసం నేలలు వేయడం నావల్ల కాదని అర్థమైంది, అంతే.

వంటింట్లో పడిన మనిషి

రాఘవాచారి గారిది తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న వైష్ణవ కుటుంబం. ఆయన తల్లి ఆండాళమ్మ గారు. కంటిచూపు బాగా మందగించినా, ఇంటి దేవుడికి రోజూ తానే మడి కట్టుకుని తళిగ వండేవారు. తళిగ అంటే దేవుడికి ఆరగింపు పెట్టే వంట. ఆ వంటింట్లో ఏది ఎక్కడుందో ఆమె పాదాలకు తెలుసు. ఇసుక మీద పరిచిన పాత బండ ఒకటి ఊగి, ఆమె వేడి గిన్నెతో సహా పడిపోయారు. చెయ్యి కాలింది, తుంటి బెణికింది. తర్వాత దూరపు చుట్టం ఒకావిడను వంటకు పెట్టారు. ఆండాళమ్మ గారిని తిన్నె మీద కూర్చోబెట్టారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రాఘవాచారి గారు నడవ గురించి, ముందుగది గురించి చాలా చెప్పారు. ఆండాళమ్మ గారు మధ్యలో అందుకున్నారు.

“నడవ సంగతి తర్వాత సూసుకుందురు గానీ, ఓవర్సీరూ, నా వంటింట్లో నేను ఎవురి చెయ్యీ పట్టుకోకుండా నడవాల. అది నీవల్ల అవుతుందా, కాదా? కాదంటే ఇప్పుడే సెప్పు, నేను తిన్నె మీద కూచోని సావడానికి అలవాటు పడతా.”

“అమ్మా, ఏం మాటలవి!” అన్నారు కొడుకు.

“నువ్వు ఊరుకోరా. నడిసేది నువ్వా, నేనా?”

అవుతుందని చెప్పాను.

మరియమ్మ ముఠా

నేల కొట్టడానికి మరియమ్మ ముఠాను పిలిచాను. రేణిగుంట దారిలో ఉన్న క్రైస్తవుల పల్లె నుంచి వాళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళ పెద్దలు ఏ కులం నుంచి మతం మారారో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అందరికీ తెలుసు కాబట్టి. మరియమ్మ అప్పటికి నలభై దాటని మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. తాళం ఆమెదే. ఎవరి చెక్క ఆలస్యంగా పడినా తల తిప్పకుండానే “ఏమే, రాత్రి నిద్ర లేదా?” అనేది, వరసంతా నవ్వేది. నన్ను కూడా వదిలేది కాదు. “మా సామి పుస్తకం సదివినంత నిదానంగా జల్లి కలపమంటాడు, పేజీ తిప్పేలోపల సున్నం ఎండిపోతాది,” అని నా ఎదుటే అనేది.

నడవ, ముందుగది వాళ్ళు కొట్టారు. రాఘవాచారి గారు అభ్యంతరం చెప్పలేదు. వంటిల్లు, దేవుడిగది మొదలుపెట్టే ముందు రోజు నన్ను పక్కకు పిలిచారు.

“లోపలికి వాళ్ళు రాకూడదు.”

“మరి కొట్టేదెవరు?”

“మావాళ్ళు కొడతారు. గుడి వంటశాలలో గంగాళాలు మోసేవాళ్ళు నలుగురు ఉన్నారు. బలం చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.”

“బలం ప్రశ్న కాదండీ. ఆపకుండా కొట్టాల. నడుమ లేస్తే పాడైపోతాది.”

“వాళ్ళకేం చేతకాదా?” అని ఆయన నొచ్చుకున్నారు.

మరుసటి రోజు గుల్ల సున్నం కోసం నేను రేణిగుంట స్టేషనుకు వెళ్ళవలసి ఉంది. నేను తిరిగి వచ్చేదాకా మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పి వెళ్ళాను. ముహూర్తం బాగుందని వాళ్ళు మొదలుపెట్టేశారు. ఆ నలుగురూ కష్టపడ్డారని ఒప్పుకోవాలి. తడి పంచెలతో, స్తోత్రం చదువుతూ, ఒకరిని మించి ఒకరు కొట్టారట. ఇంతలో గుడిలో గంట మోగింది. కైంకర్యానికి వేళ అయింది. చెక్కలు పక్కన పెట్టి వెళ్ళారు. అక్కడి పని ముగించి, ప్రసాదం తిని, మధ్యాహ్నం కాస్త కునుకు తీసి, మళ్ళీ స్నానం చేసి మడితో వచ్చి, పొద్దుటి లోటు తీరేలా రెట్టింపు బలంతో కొట్టారు. వాళ్ళ దృష్టిలో అందులో తప్పేమీ లేదు. దేవుడి పని ముందు, మడి తప్పలేదు, బలం తగ్గలేదు. అప్పటికే పొర బిగిసి ఉంది.

సాయంత్రం నేను వచ్చి చూశాను. పైన నున్నగా, అందంగా ఉంది. ఇనుప కడ్డీతో తట్టుకుంటూ వెళ్ళాను. పొయ్యి ఉండే చోట, ఖాళీ కుండ మీద తట్టినట్టు డొల్లగా పలికింది.

“తీసేయాల,” అన్నాను.

“ఏమిటి తీసేది? చూడండి, అద్దంలా ఉంది. పైన బండలు పరిచేయండి.”

“పరచను.”

“మీరు పరచకపోతే చిత్తూరు నుంచి వేరే మనిషి వస్తాడు. రెండు రోజుల్లో సిమెంటు పూసి ముగిస్తానన్నాడు.”

“రానీండి. వచ్చినాక వంటింట్లో ఆయన్నే నడవమనండి, మీ అమ్మగారిని వద్దు.”

నా గొంతు పెరిగిందని అప్పుడు తెలియలేదు. తిన్నె మీద నుంచి ఆండాళమ్మ గారు నన్ను పిలిచారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళమన్నారు. పొయ్యి ఉండే చోట నిలబెట్టి తట్టి చూపమన్నారు. తట్టాను. మొదట గోడవారన, తర్వాత ఆమె కాళ్ళ ముందు. రెండు చప్పుళ్ళకూ తేడా ఆమెకు నేను చెప్పనవసరం లేకపోయింది.

“ఎన్నాళ్ళు నిలబడతాది ఇది?”

“బండ వేస్తే వానాకాలం దాకా అమ్మా. రోజూ నీళ్ళు పోసి కడుగుతారు కాబట్టి ఇంకా ముందే పోవచ్చు.”

“ఆ కొట్టే ఆడోళ్ళు కొడితే?”

“మీ మనవళ్ళు కూడా నడుస్తారు.”

ఆమె కొడుకు వైపు తిరిగారు. “రాఘవా, వాళ్ళను రమ్మను.”

“అమ్మా, మడి వంటిల్లు. పెరుమాళ్ళకు తళిగ చేసే చోటు.”

“పెరుమాళ్ళు నిలబడుకోనుండే నేల ఎవురు కొట్టినారో కనుక్కోని వచ్చి నాకు సెప్పు. నీ తాత కొట్టినాడా? మీ నాయన కొట్టినాడా? నువ్వు కనుక్కోని వచ్చేదాకా వీళ్ళను కొట్టనీ.”

రాఘవాచారి గారి ముఖం చూస్తే ఆయన బాధ నిజమైనదేనని నాకు తెలిసింది. నిజమైనంత మాత్రాన నేల నిలబడదు.

ముందు వాకిలి

సంగతి ముగిసిందనుకుని మరుసటి ఉదయం నేను మరియమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె వీధిలో వేపచెట్టు కింద కూర్చుని సద్దిముద్ద తింటోంది.

“రేపు వంటిల్లు మీరే కొట్టాల. లోపలికి రమ్మన్నారు,” అన్నాను.

“యాడినుంచి రమ్మన్నారు?”

“దొడ్డివాకిట్లోంచి. నడవ, ముందుగది కడిగించి శుద్ధి చేసుకున్నారు, ఇంక వాటి మీదుగా వద్దని రాఘవాచారి గారి మాట.”

ఆమె చెయ్యి కడుక్కుంది. “అయితే మేము రాము సామీ.”

“ఏమిటి మరియమ్మా, ఇంత దూరం వచ్చినాక!”

“జల్లి కలిపేది ముందర. దొడ్డివాకిలి ఆ సందు తిరిగి పోవాల. ఒక్కో గంప అట్లా సుట్టూ తిరిగి వచ్చేలోపల సున్నం సగం సచ్చిపోతాది. ఆ మాట నువ్వే మాకు నేర్పినావు కదా? ముందువాకిట్లోంచి పోతే పది అంగలు. నేను పనికి అడగతా ఉండా.”

“పనికేనా?”

“పనికే,” అంది. తర్వాత నవ్వింది. “ఒట్టి పనికే అయితే నీకు ఇంత తొందరగా సెప్పి ఉండను లే.”

ఆమె ఇంకొక మాట కూడా కోరింది. మొదలుపెట్టాక ఎవరూ ఆపమనకూడదు, గుడి గంట మోగినా, ఇంట్లో భోజనాల వేళ అయినా.

నేను తిరిగి వెళ్ళి రాఘవాచారి గారికి రెండూ చెప్పాను. ముందు వాకిలి మాట వినగానే ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “ఇది మీరు నేర్పిన మాట,” అన్నారు.

“నేను నేర్పలేదు. నేర్పి ఉంటే గర్వపడేవాణ్ణి. వాళ్ళు ముందువాకిట్లో రాకపోతే నేనూ రాను.”

“పని అయ్యేదాకా నేను ఈ ఇంట్లో ఉండను,” అని ఆయన అన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు తల్లిని కూడా రమ్మన్నారు. ఆమె తిన్నె దిగలేదు.

పాడైన పొరను పగలగొట్టి తీయడానికి ఒక రోజు పట్టింది. మరుసటి ఉదయం మరియమ్మ ముఠా గంపలతో ముందు వాకిట్లోంచి నడిచింది. ఎదురింటి వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నడవలో వాళ్ళు తామే కొట్టిన నేల మీదుగా వెళ్తుంటే, వెనక వస్తున్న ఒకామె “అక్కా, ఇదెవురో బాగా కొట్టినట్టుండారే!” అంది. మరియమ్మ “నోరు మూసుకోని నడువే, తిన్నె మీద అవ్వ ఇంటాది,” అంది.

“ఇంటాండా, ఇంటాండా,” అన్నారు ఆండాళమ్మ గారు.

జల్లి పరిచారు. రసమట్టం పెట్టి, నీళ్ళు జారిపోయేలా మోరీ వైపు కొంచెం వాటం ఇచ్చాను. వంటింటికి వాటం తప్పనిసరి. అద్దంలా సమంగా ఉన్న వంటిల్లు నీళ్ళు నిలబెట్టుకుంటుంది. కొట్టుడు మొదలైంది. మధ్యాహ్నం గుడి గంట మోగింది. నేను మరియమ్మ వైపు చూశాను. ఆమె తాళం చెప్పే గొంతు ఇంకాస్త పెంచింది. సగం మంది కొడుతుంటే సగం మంది పెరట్లోకి వెళ్ళి తిని వచ్చారు, తాళం తెగలేదు. రాత్రంతా లాంతర్ల వెలుగులో వంతులు వేసుకుని కొట్టారు. రెండో రోజు పొద్దుగుంకే ముందు చెక్కలు ఎగరడం మొదలైంది. చల్లిన బెల్లం నీళ్ళు పైనే నిలిచాయి. నేను మూల మూలా తట్టాను. ఎక్కడా డొల్ల లేదు.

బండలు వేయకముందే, పొర ఆరాక, ఆండాళమ్మ గారు దాని మీద నడుస్తానన్నారు. ఆ రోజు మరియమ్మ కూడా అక్కడే ఉంది, బండల కింద పోసే సున్నం కలుపుతోంది. ఆండాళమ్మ గారు గడప దాటి, చేతులు ముందుకు చాపకుండా పొయ్యి దాకా నడిచారు. అక్కడి నుంచి నీళ్ళ గంగాళం చోటికి నడిచారు. మోరీ దగ్గర ఆగారు.

“ఈడ కొంచెం పల్లంగా ఉండాది. తప్పు చేసినారా?”

“తప్పు గాదవ్వా, వాటం,” అంది మరియమ్మ. “నీళ్ళు నీ కాళ్ళకాడ నిలబడకుండా పోవాల గదా. నాలుగు రోజులు నడిస్తే నీ కాళ్ళే సెప్తాయి.”

“పేరేమి నీది?”

“మరియమ్మ.”

“మరియమ్మా, నువ్వు బాగా వాగతావు.”

“పని సేసేటోళ్ళకు నోరు కూడా ఉంటాదవ్వా.”

ఆండాళమ్మ గారు నవ్వారు. నేను ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

తర్వాత జరిగింది

ఈ కథను ఇక్కడ ఆపితే అందరికీ బాగుంటుంది. ఆపను. రాఘవాచారి గారు తిరిగి వచ్చి ఇల్లంతా కడిగించి పుణ్యాహవచనం చేయించారు. మంత్రించిన నీళ్ళు ప్రతి గదిలోనూ చల్లారు. ఆ సంగతి నేను చెప్పబోతే మరియమ్మే అంది: “తెలుసులే సామీ. ఎన్ని నీళ్ళు సల్లినా ఇంకవు. అంత గట్టిగా కొట్టినాము.”

రెండు రోజులు లోపల పని చేసినప్పుడు కూడా, తాగే నీళ్ళు వాళ్ళకు చెంబు చేతికివ్వకుండా దోసిట్లో పై నుంచే పోశారు. వాకిలి ఒక్కటే మారింది, చెంబు మారలేదు. నేను అప్పుడు వాకిలి గెలిచిన సంతోషంలో ఉన్నాను. చెంబు గురించి మరియమ్మ చెబితేనే నాకు తట్టింది. ఆ ముక్క నేను సంస్కర్తనని ఎవరూ అనుకోకుండా ఉండటానికి రాస్తున్నాను.

ఆ వీధిలో మళ్ళీ ఎవరూ నన్ను పనికి పిలవలేదు. ఆమె ముఠానూ పిలవలేదు. నాకు రేణిగుంటలో, చిత్తూరులో పనులు దొరికాయి. వెళ్ళిన ప్రతిచోటికీ ఆమెను పిలిచాను. ఇల్లుగలవాళ్ళతో ముందే మాట్లాడుకునేవాణ్ణి: నేల కొట్టేవాళ్ళు ముందు వాకిట్లోంచి వస్తారు, మొదలయ్యాక ఎవరూ ఆపరు, తాగే నీళ్ళు చెంబుతో చేతికిస్తారు. చాలామంది వద్దన్నారు. వద్దన్నవాళ్ళ ఇళ్ళకు మేము వెళ్ళలేదు. అలా పోగొట్టుకున్న పనుల గురించి నాకు చింత లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆండాళమ్మ గారు చివరి జబ్బు పడేదాకా ఆ వంటింట్లో తళిగ వండారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఈ మాట నాకు రాఘవాచారి గారే చెప్పారు. చాలా ఏళ్ళ తర్వాత రేణిగుంట ప్లాట్‌ఫారం మీద కలిసి, రైలు వచ్చేదాకా నా పక్కన నిలబడ్డారు. మరియమ్మ పేరు ఆయన ఎత్తలేదు. నేను ఎత్తాను. ఆయన తల ఊపారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు సున్నమే వాడమని నేను చెప్పను. సిమెంటు మంచిదే, మంచివాడి చేతిలో. బండ పరిచే ముందు కింద తట్టి చూడండి. డొల్ల పలికితే, ఇల్లుగలవాడు ఎంత పెద్దవాడైనా, పరచనని చెప్పండి. తట్టి చూసేటప్పుడు ఆ పొరను ఎవరు వేశారో వాళ్ళ పేరు అడగండి. నాకు తెలిసిన నేలలకు ఇప్పుడు మిగిలిన పేర్లన్నీ కాంట్రాక్టర్ల పేర్లే.

మరియమ్మ తర్వాత ఆమె ముఠాలోని ఆడవాళ్ళు తట్టలు మోసే పనికి వెళ్ళారు. కాంక్రీటును మిషను కలుపుతుంది. తిరుపతిలో ఇప్పుడు నేలను ఎవరూ కొట్టరు.